యూడెవ్ నమోదులు: మోసుకురావాలా, చెరిపేయాలా?

చెరువుగట్టు (భీమవరం)
రొయ్యల చెరువుల దగ్గర నాలుగు లినక్స్ పెట్టెలు పెట్టాను. నీటిలో ఆక్సిజన్ తగ్గితే ఫోను మోగించడం వాటి పని. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఎల్‌వీఎం వాల్యూమ్ (డిస్కును భాగాలుగా వాడే పద్ధతిలో ఒక భాగం) కోసం 90 సెకన్లు ఎదురుచూసి, బూటింగ్ అక్కడే ఆగిపోతోంది. కారణం దొరికింది. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్, అంటే అసలు వ్యవస్థకు ముందు మెమరీలో నడిచే చిన్న తొలి వ్యవస్థ, ఆ వాల్యూమ్‌ను సిద్ధం చేస్తుంది. పరికరాలను గుర్తించే యూడెవ్ దాని వివరాలను రన్ డైరెక్టరీలో (మెమరీలోని తాత్కాలిక ఫోల్డర్‌లో) నమోదు చేస్తుంది. అసలు వ్యవస్థకు మారే ముందు శుభ్రం చేసే సర్వీసు వాటిని చెరిపేస్తోంది. ఆ సర్వీసునే తీసేయాలని నా వాదన.

కోనసీమ_కన్సోల్
తీయకూడదండీ. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో ఉండేవి కొన్ని యూడెవ్ నియమాలే. అవి రాసిన అరకొర నమోదులను అసలు వ్యవస్థ ఎందుకు నమ్మాలి? మారాక పరికరాలన్నింటికీ మళ్లీ ‘యాడ్’ (పరికరం వచ్చింది అనే) సంకేతం వెళ్తుంది, నమోదులు కొత్తగా పుడతాయి.

చెరువుగట్టు
డివైస్ మ్యాపర్‌కు (ఎల్‌వీఎం వెనకున్న కెర్నెల్ భాగానికి) పుట్టవు! పాత నమోదు లేకుండా వచ్చిన ‘యాడ్’ సంకేతాన్ని దాని నియమాలు లెక్కచేయవు. వాల్యూమ్ ఎదురుగా ఉన్నా సిస్టమ్‌డీకి (బూటింగ్‌లో సర్వీసులను లేపే ప్రోగ్రాముకు) అది సిద్ధం కానట్టే.

కోనసీమ_కన్సోల్
అందుకే కదా డీబీ_పర్సిస్ట్ ఉన్నది! నియమంలో ఆ మాట ఉంటే యూడెవ్ ఆ నమోదు ఫైలుకు స్టికీ బిట్ అనే గుర్తు పెడుతుంది, శుభ్రం చేసే ఆదేశం దాన్ని ముట్టుకోదు. డివైస్ మ్యాపర్ నియమాల్లో అది మొదటి నుంచీ ఉండాల్సిన వరుస. మీ ఇమేజ్‌లో (పెట్టెల్లో వేసిన సిద్ధ వ్యవస్థలో) ఉందా?

చెరువుగట్టు
లేదు. ఇమేజ్ చేసి ఇచ్చినాయన నియమాల ఫైలును కుదించాడు. నాకు చెప్పలేదు.

కోనసీమ_కన్సోల్
మరి తప్పు ఆ ఫైలుది. సర్వీసును ఎందుకు తిడుతున్నారు? 90 సెకన్లు ఆగబట్టే తప్పు బయటపడింది. అన్నీ మోసుకొస్తే ఇలాంటి కుదింపులు ఎన్ని ఉన్నా తెలియవు.

చెరువుగట్టు
బయటపడింది ఎలాగో తెలుసా? తెల్లవారుజామున ఆక్సిజన్ అట్టడుగుకు పడుతుంది. ఆ వేళ కరెంటు పోయి వచ్చింది, నీటికి గాలి అందించే ఏరేటర్లు తిరగలేదు, పెట్టె లేవలేదు, ఫోను మోగలేదు. పొద్దున గట్టు పొడుగునా తేలిన రొయ్యలు ఏరాను. మీకు తప్పు కనబడటం కావాలి. నాకు తప్పున్నా పెట్టె లేవడం కావాలి.

కోనసీమ_కన్సోల్
మీ నష్టం వింటే బాధగా ఉంది. నేను బల్ల ముందు కూర్చుని మాట్లాడుతున్నాను, మీరు చెరువు దగ్గర నుంచి. అయినా నా మాట మార్చుకోను: ఆ ఒక్క వరుస తిరిగి పెట్టి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను మళ్లీ తయారు చేయండి. ప్లగ్ పీకి చూడండి, పగటిపూట.

చెరువుగట్టు
ఒక పెట్టెలో మీరు చెప్పినట్టు పెడతాను. మిగతా మూడింటిలో చెరపడం ఆపే ఉంచుతాను. రొయ్యల పట్టుబడి అయ్యాక మళ్లీ మాట్లాడదాం.