నాన్నగారి రోలీఫ్లెక్స్‌ను వేలానికి పంపవచ్చా?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, అరండల్‌పేట. నాన్నగారు ముప్పై ఏళ్లు ఫోటో స్టూడియో నడిపారు. ఆయన పోయాక బీరువా సర్దుతుంటే తోలు కేసులో రోలీఫ్లెక్స్ 2.8ఎఫ్ దొరికింది. జర్మనీలో తయారైన రెండు లెన్సుల కెమెరా, ఫోటో తీసేది 80 మి.మీ. ప్లానార్ అనే లెన్సు. షట్టర్ పనిచేస్తోంది గానీ ఒక సెకను పెడితే మధ్యలో ఈడ్చుకుంటోంది. టార్చి వేసి చూస్తే కింది లెన్సు అంచున సాలెగూడులా ఫంగస్. మన ఉక్కపోతలో ఇన్నేళ్లు తోలు కేసులోనే ఉంచడం మా తప్పే.

ఇక్కడ ఒక షాపులో ఎనిమిది వేలు ఇస్తామన్నారు. ఆన్‌లైన్‌లో ఇదే మోడల్‌కు లక్ష పైనే రాసి ఉంది. అది అడిగే ధర, అమ్ముడైన ధర కాదు. వేలంలోనూ రెండు లెక్కలు ఉంటాయి కదా. 2022లో జర్మనీలోని వెట్జ్లార్‌లో, లైకా కెమెరాను రూపొందించిన ఓస్కార్ బార్నాక్ సొంతంగా వాడిన లైకా పాట 1.2 కోట్ల యూరోల దగ్గర ఆగింది, కొన్నవారు మాత్రం వేలం సంస్థ ప్రీమియంతో (పాట ధరపై తీసుకునే అదనపు రుసుముతో) కలిపి 1.44 కోట్లు కట్టారు. మరి అమ్మేవాళ్ల దగ్గర ఎంత కోస్తారు?

ఫంగస్ ముందే తీయించాలా, ఉన్నది ఉన్నట్టు పంపాలా? అడుగున నాన్నగారు సూదితో గీసుకున్న పొడి అక్షరాలు ఉన్నాయి, వాటివల్ల ధర తగ్గుతుందా? విజయవాడ చుట్టుపక్కల ఇలాంటివి నమ్మకంగా విప్పి బాగుచేసేవారు ఉంటే దయచేసి చెప్పండి. అమ్మడానికి అమ్మ ఒప్పుకుంది, పార్టుల కోసం విప్పేసేవాళ్లకు మాత్రం ఇవ్వనంటోంది.