నడుం నొప్పికి, నెలసరి నొప్పికి కలిపి కైరోప్రాక్టిక్ ప్యాకేజీ: అనంతపురం నుంచి బెంగళూరు పోవచ్చా?

కుట్టుమిషన్_అనంత:

మా వదినకు 42 ఏళ్ళు. టైలరింగ్ పని, రోజుకు ఏడెనిమిది గంటలు మిషన్ మీదే. మూడేళ్ళుగా నడుం కింది భాగం నొప్పి. పొద్దున లేవగానే పట్టేసినట్టు ఉంటుంది, కాసేపు అటూ ఇటూ తిరిగితే సడలుతుంది. ఎమ్మారైలో ఎల్4-ఎల్5 (నడుం కింది పూసలు) దగ్గర డిస్క్ బల్జ్, అంటే పూసల మధ్య మెత్త ఉబ్బింది అని రాశారు. ఐదేళ్ళ కింద గర్భసంచి తీయించారు, అండాశయాలు కూడా తీసేసినట్టు డిశ్చార్జి కాగితంలో ఉంది. ఆమె కూతురికి 19. నెలసరి వస్తే రెండ్రోజులు మంచం దిగదు.

బెంగళూరులో ఒక సెంటర్ వాళ్ళు హోలిస్టిక్ కైరోప్రాక్టిక్ (చేత్తో నొక్కి, విరిచి వెన్ను సర్దే పద్ధతి) అంటున్నారు. వెన్ను సర్దితే నరాలు, హార్మోన్లు, పీరియడ్స్ అన్నీ దారిలో పడతాయట. ఇద్దరికీ కలిపి 24 సిట్టింగులు, డబ్బు ముందే కట్టాలి. ఇది నిజంగా పనిచేస్తుందా? ఎముకలకు ఏమన్నా అయ్యే ప్రమాదం ఉందా? ఇక్కడే చేయించుకోదగ్గది ఏమన్నా ఉందా?

ఫిజియో_కర్నూలు:

పాప విషయంలో అసలు వద్దు. వదిన విషయంలో ఇప్పుడే వద్దు, ముందు ఎముకల సంగతి తేలాలి.

కైరోప్రాక్టిక్‌ను 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్ ఊళ్ళో డి.డి. పామర్ మొదలుపెట్టాడు. వెన్నుపూస పక్కకు జరిగి నరాన్ని అడ్డుకోవడమే జబ్బులకు మూలమని ఆయన వాదన. ఆ వాదన నిలబడలేదు. చేత్తో చేసే పద్ధతి మాత్రం మామూలు నడుం నొప్పికి కొంత గుణమిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీర్ఘకాలిక నడుం నొప్పికి ఇచ్చిన సూచనల్లో దీనికీ చోటుంది, వ్యాయామానికీ ఉంది. రెండిటి ఫలితం ఇంచుమించు ఒకటే. తేడా ఏందంటే వ్యాయామం ఇంట్లో చేసుకోవచ్చు, దీనికి బస్సెక్కాలి.

వీడియోల్లో వినిపించే ఆ 'టక్' శబ్దం ఎముక చోటికి చేరినందుకు వచ్చేది కాదు. కీలు ఒక్కసారిగా సాగినప్పుడు లోపలి ద్రవంలో గ్యాస్ బుడగ ఏర్పడటం వల్ల వచ్చే చప్పుడు అది. శబ్దం రాకపోయినా ఫలితం ఉండొచ్చు, వచ్చినా ఏమీ ఉండకపోవచ్చు. డిస్క్ బల్జ్ అనే మాటకూ అంత భయపడొద్దు. ఏ నొప్పీ లేని 40 ఏళ్ళ వాళ్ళకు ఎమ్మారై తీసినా దాదాపు సగం మందిలో బల్జ్ కనిపిస్తుంది.

ఎప్పటికైనా చేయించుకుంటే మూడు నాలుగు వారాల్లో ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు, అప్పటికీ తేడా తెలియకపోతే ఆపేయాలి. 24కు ముందే డబ్బు కట్టమంటే లేచి వచ్చేయండి. మొత్తం వెన్నుకు ఎక్స్‌రే తీసి "ఇక్కడ వంకర ఉంది" అని చూపించి భయపెట్టేది ఇంకో రకం బేరం. మెడకు మాత్రం చేయించొద్దు. మెడ గబుక్కున తిప్పినప్పుడు మెదడుకు పోయే రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన కేసులు ఉన్నాయి. అరుదే, కానీ వస్తే కోలుకోవడం కష్టం. మన దేశంలో కైరోప్రాక్టర్లకంటూ చట్టబద్ధమైన కౌన్సిల్ లేదు కాబట్టి చేసేవాళ్ళ చదువేందో మీరే అడిగి తెలుసుకోవాలి.

ఇక ఇంటి పని. మిషన్ ముందు స్టూలు పొట్టిగా ఉంటే మోకాళ్ళు తుంటి కంటే పైకి లేస్తాయి, నడుం గూనిగా వంగుతుంది. మోకాళ్ళ కంటే తుంటి రెండు మూడు వేళ్ళు ఎత్తులో ఉండేలా స్టూలు కింద చెక్క వేయండి. అర గంటకోసారి లేచి నిలబడాలి, గుండీలు కుట్టడం లాంటివి ఆ టైములో నిలబడే చేసుకోవచ్చు. నీళ్ళ బిందె ఎప్పుడూ ఒకే పక్క చంకన పెట్టుకుంటే 15 కిలోల బరువు ఒక వైపే పడుతుంది. రెండు చేతులకు రెండు చిన్న బకెట్లు నయం.

వ్యాయామంలో మొదటిది బ్రిడ్జ్. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి పిరుదులు పైకి లేపి 10 సెకన్లు ఆపాలి, అట్లా 8 సార్లు. రెండోది అరచేతులు, మోకాళ్ళు నేలకు ఆనించి ఉండి కుడి చెయ్యి, ఎడమ కాలు చాచడం, తర్వాత అటుది ఇటు. అందరూ చేసే తప్పు కాలు మరీ పైకి ఎత్తడం. అప్పుడు నడుం లోపలికి వంగి నొప్పి పెరుగుతుంది, కాలు వీపు ఎత్తుకు వస్తే చాలు. దీంతోపాటు రోజూ 30 నిమిషాల నడక. ఫలితం తెలియడానికి ఆరు వారాలు పడుతుంది, వారానికే మానేస్తే ఏ వైద్యమూ పనిచేయదు.

కడప_సిస్టర్:

అన్నా, ఫిజియో గారు ఎముకల సంగతి అన్నారు కదా, దాని గురించి. మన రాష్ట్రంలో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవాళ్ళు శానా ఎక్కువ. 37 ఏళ్ళకే అండాశయాలు కూడా పోయాయంటే ఆ రోజు నుంచే ఈస్ట్రోజన్ హార్మోన్ ఆగిపోయినట్టే, ఎముక పలచబడటం మొదలవుతుంది. అలాంటి వెన్ను మీద గబుక్కున ఒత్తిడి పడితే పూస నలిగిపోవచ్చు. డెక్సా స్కాన్ (ఎముక సాంద్రత చూసే పరీక్ష) తీయించండి. అందులో వచ్చే టి-స్కోరు మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందకు గానీ ఉంటే ఎముక బోలు అయినట్టు, ఇక ఎవరి చేతా నడుం విరిపించొద్దు. విటమిన్ డి, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించండి. హార్మోన్ మాత్రలు అవసరమా అనేది గైనకాలజిస్టును అడగాలి, మెడికల్ షాపులో కాదు. సిజేరియన్‌కు వెన్నులో ఇచ్చిన ఇంజెక్షన్ వల్లే ఈ నొప్పి అని ఎవరన్నా అంటే వదిలేయండి, ఏళ్ళ తరబడి ఉండే నొప్పికి అది కారణం కాదు.

పాప విషయం. మామూలు నెలసరి నొప్పి గర్భసంచిలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు ఎక్కువై కండరం బిగిసిపోవడం వల్ల వస్తుంది. వెన్ను సర్దడం వల్ల అది తగ్గుతుందనడానికి ఆధారం దొరకలేదు. మెఫెనమిక్ యాసిడ్ గానీ ఐబుప్రొఫెన్ గానీ తిన్న తర్వాత వేసుకోవాలి. నొప్పి పూర్తిగా ముదిరాక వేసుకుంటే సరిగ్గా పనిచేయదు, మొదలవుతున్నట్టు తెలియగానే వేయాలి. అల్సర్, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళు డాక్టరును అడక్కుండా ముట్టుకోకూడదు. పొత్తికడుపు మీద వేడినీళ్ళ సంచి పెడితే మాత్రకు దీటుగా ఉపశమనం ఇస్తుంది, గుడ్డ చుట్టి పెట్టండి.

అయితే రెండ్రోజులు మంచం దిగకపోవడం మామూలే అనుకోవద్దు. నెలసరికి రెండు మూడు రోజుల ముందే నొప్పి మొదలవుతుందా, విరేచనానికి పోయేటప్పుడు నొస్తుందా, మాత్ర వేసినా కాలేజీ మానాల్సి వస్తుందా అడగండి. అవునంటే ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం) అనుమానించాలి. స్కాన్ నార్మల్ వచ్చినంత మాత్రాన అది లేదని చెప్పలేం. రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతుంటే హిమోగ్లోబిన్ చూడండి, 12 కంటే తక్కువైతే రక్తహీనతే. కీగెల్ వ్యాయామాలు (కటి కండరాలు బిగించి వదిలేవి) చేయమని ఎవరైనా చెబుతారు, తెలియకుండా చేయించొద్దు. కటి కండరాలు ముందే బిగుసుకుని ఉన్నవాళ్ళకు అవి నొప్పిని పెంచుతాయి.

కుట్టుమిషన్_అనంత:

ధన్యవాదాలు సిస్టర్, ఫిజియో గారూ. ఇంకో మాట. వదినకు మెడ కూడా పట్టేస్తుంది, కింద కూర్చుంటే లేవడానికి చెయ్యి ఆనించుకుంటుంది. అది కూడా డిస్క్ వల్లేనా? ఎదురుకాళ్ళతో పుట్టినాయనతో నడుం తన్నించమని ఇంట్లో పెద్దవాళ్ళు గోల.

బోరునీళ్ళు:

తన్నించడం ఆపించండి ముందు. మీరు అనంతపురం అంటున్నారు, ఇంతవరకు నీళ్ళ గురించి ఎవరూ అడగలేదు. ఇంట్లో ఏ నీళ్ళు?

కుట్టుమిషన్_అనంత:

తాగడానికి 20 లీటర్ల క్యాన్. వంటకు, మిగతా అన్నిటికీ బోరే. పళ్ళు మాత్రం తెల్లగానే ఉన్నాయి, గార లేదు.

బోరునీళ్ళు:

పళ్ళను బట్టి తేల్చలేరు. పళ్ళు ఏర్పడే చిన్నతనంలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగితేనే గార పడుతుంది. మంచినీళ్ళ ఊరి నుంచి కోడలిగా వచ్చినవాళ్ళకు పళ్ళు బాగానే ఉంటాయి, ఎముకలు మాత్రం దెబ్బతింటాయి. వంటకు బోరు నీళ్ళంటే అన్నం, పప్పు, టీ అన్నిటి ద్వారా లోపలికి పోతూనే ఉంది. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

ఇంట్లోనే మూడు పరీక్షలు చేయించండి. మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళు ముట్టుకోవడం, గడ్డం ఛాతీకి ఆనించడం, రెండు చేతులూ తల వెనక్కి పెట్టుకోవడం. ఇవి కష్టమైతే ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ పేరుకుని ఎముకలు, కీళ్ళు దెబ్బతినడం కావచ్చు. ఇవి మాత్రమే చూసి నిర్ధారించలేం, కీళ్ళవాతంలోనూ ఇట్లాగే ఉంటుంది. ముంజేతికి, వెన్నుకు ఎక్స్‌రే తీయించండి. ముంజేతి రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి ఉంటే ఆర్థో డాక్టరు గుర్తుపడతాడు. మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష కూడా ఉంది.

సిస్టర్ చెప్పిన డెక్సా మంచిదే, కానీ ఒక చిక్కుంది. ఫ్లోరోసిస్‌లో వెన్ను ఎముక సాంద్రత ఎక్కువ చూపిస్తుంది, అదే ఎముక పెళుసుగా ఉంటుంది. స్కోరు బాగుందని కైరోప్రాక్టర్ దగ్గరకు పోతే ఇబ్బందే. పైగా వెన్నులో లిగమెంట్లు (ఎముకలను కలిపి పట్టే పట్టీలు) గట్టిపడి వెన్నుపాము ఉండే దారి ఇరుకైపోతుంది, అక్కడ గట్టిగా తిప్పితే కాళ్ళు పడిపోవచ్చు.

నీళ్ళు పరీక్షకు ఇచ్చేటప్పుడు గాజు సీసా వద్దు, ప్లాస్టిక్ బాటిల్ వాడండి. బోరు ఐదు నిమిషాలు పోనిచ్చి, అవే నీళ్ళతో బాటిల్ మూడుసార్లు కడిగి, లీటరు పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో ఇవ్వండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్ళు లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. దాటితే వంటకు కూడా ఆర్‌ఓ నీళ్ళే వాడాలి. ఇప్పటికే పడిన గట్టిదనం పూర్తిగా పోదు, ముదరడం మాత్రం తగ్గుతుంది.

ఫిజియో_కర్నూలు:

ఇది విన్నాక ఒక సవరణ. ఎక్స్‌రే వచ్చేదాకా నడక, బ్రిడ్జ్ మాత్రమే చేయించండి, వంగి చేసేవి వద్దు. ఈ లోపల కాళ్ళు బరువెక్కడం, నడకలో తూలడం, మూత్రం ఆగకపోవడం లేదా రాకపోవడం, కూర్చునే చోట తిమ్మిరి, వీటిలో ఏది కనిపించినా అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకుపోండి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నొప్పికి మెలకువ రావడం ఉంటే వెన్నులో టీబీ కూడా చూడమని డాక్టరుకు చెప్పండి.