శాండిస్ గీసిన మెడియా బొమ్మలో ఆ కప్పలు దేనికి?

గోదారోడు: ఇంగ్లీష్ పెయింటర్ ఫ్రెడరిక్ శాండిస్ వేసిన మెడియా (గ్రీకు పురాణాల్లో మంత్రగత్తె) బొమ్మ ప్రింట్ ఒకటి ఫ్రేమ్ కట్టించి హాల్లో పెడదామనుకుంటున్నా, ఇంట్లోవాళ్ళేమో ఆ మొహం చూస్తేనే భయమేస్తోంది వద్దంటున్నారు 😀 నాకు కథ పైపైనే తెలుసు, మొగుడు జేసన్ వదిలేశాడు, ఈమె పిల్లల్ని చంపేసింది, అంతే. కానీ ఇందులో పిల్లలే లేరు, ముందు కుంపటి, చుట్టూ ఎర్ర దారం, పక్కన కప్పలు. అసలేం జరుగుతోంది?

పాతబొమ్మలు: అది చంపే సీన్ కాదండి, దానికి ముందుది. జేసన్ కొరింథు రాజు కూతుర్ని చేసుకోబోతుంటే ఆ పిల్లకి విషం పూసిన బట్టలు కానుకగా పంపుతుంది కదా, ఆ విషమే ఇక్కడ తయారవుతోంది. ఎర్రదారం మంత్రగాళ్ళు గీసే గిరి. కప్పలు రెండూ జతకట్టి ఉన్నాయి చూడండి, ఆ పెళ్ళి మీద వెటకారమేమో అని నా డౌటు. వెనక బంగారు రంగు గోడ మీద జేసన్ ఓడ ఆర్గో, డ్రాగన్, ఆ డ్రాగన్ కాపలాలోంచి మెడియా సాయంతో వాడు తెచ్చుకున్న బంగారు ఉన్ని, అంటే వాడి కోసం ఈవిడ చేసిందంతా వెనకే ఉంది.

చిట్టిబాబు_77: కన్నపిల్లల్ని చంపినామెని హాల్లో పెడతావా బ్రో, ఇంట్లోవాళ్ళే కరెక్టు.

నీలిమ: ఆమె చేతులు చూసి మాట్లాడండి. ఒక చేత్తో విషం పోస్తూ రెండో చేత్తో మెళ్ళో ఎర్రపూసల దండ పట్టి లాగేస్తోంది, నోరు కొంచెం తెరుచుకుని ఉంది, చూపు కుంపటి మీద లేనే లేదు. చెయ్యబోయేదానికి తనే బెదిరిపోతున్నట్టు లేదూ? మోడల్ కియోమి గ్రే, రోమానీ అమ్మాయి. మెడియా కూడా నల్లసముద్రం అవతలి కొల్కిస్ నుంచి వచ్చిన పరాయి పిల్లే గ్రీకులకి, అందుకే ఆ మొహం అంత బాగా కుదిరిందని నాకనిపిస్తుంది. అన్నట్టు ఇంట్లో వద్దన్నారని ఫీలవకండి, 1868లో లండన్‌లో పెద్ద చిత్రప్రదర్శన పెట్టే రాయల్ అకాడమీ వాళ్ళూ దీన్ని వద్దనేశారు, పెద్ద గోలయ్యాక మరుసటేడు పెట్టారు. ఈ కథ మీద గ్రీకు నాటకకర్త యూరిపిడిస్ రాసిన మెడియా నాటకానికి కూడా క్రీ.పూ. 431 నాటకాల పోటీలో మూడో స్థానమే వచ్చింది 😀

పాతబొమ్మలు: ఇంకోటి, శాండిస్ 1848లో ఇంగ్లండ్ కుర్ర ఆర్టిస్టులు పెట్టుకున్న ప్రీ-రాఫెలైట్ బ్రదర్‌హుడ్ అనే గ్రూపు మెంబరేం కాదు, అందులోని పెయింటర్ రోసెట్టికి దోస్తు. ఒరిజినల్ బర్మింగ్‌హామ్ మ్యూజియంలో ఉంది, ఎత్తు రెండడుగులే. మరీ పెద్ద ప్రింట్ తీయిస్తే ఆ పూసలు, కప్పలు అలుక్కుపోతాయి.

గోదారోడు: థాంక్స్ అందరికీ, చిన్న సైజే తీయించి నా కంప్యూటర్ టేబుల్ పైన తగిలిస్తా, హాల్లో గొడవ నావల్ల కాదు.