‘బొంకవచ్చు’నన్న పద్యం, ‘గిట్టదు’ అన్న మాట

ప్రశ్న: పోతన భాగవతం ఎనిమిదవ స్కంధంలో, ‘వారిజాక్షులందు’ అని మొదలయ్యే ఆటవెలదిలో, ‘ప్రాణవిత్తమానభంగమందు’ బొంకవచ్చునని ఉన్నది. ఆ విత్తభంగం కిందికి వ్యాపారంలో ఆడే అబద్ధాలు కూడా వస్తాయా? హన్మకొండలో నేనెరిగిన ఒక బట్టల దుకాణదారు ఈ పద్యం చదివి మరీ బేరమాడుతారు.

జవాబు: రావని నా అభిప్రాయం. విత్తభంగమంటే ఉన్న ధనం పోవడమే కాని, రావలసిన లాభం తగ్గడం కాదు. పైగా ఆ మాట బలికి శుక్రాచార్యుడు చెప్పినది. బలి ‘తిరుగన్ నేరదు నాదు జిహ్వ’ అని దానిని తోసిపుచ్చాడు. పోతన ఊరైన బమ్మెరకు ఇంత దగ్గరలో ఉంటూ మనం గురువు సలహాను కంఠస్థం చేసి, శిష్యుని జవాబును మరవడం విచిత్రమే.

అయితే బేరంలోని ప్రతి మాటా బొంకు కాదు. ‘ఆ ధరకు గిట్టదు’ అన్నప్పుడు దుకాణదారు చెప్పేది తన ఇష్టాన్ని. వినేవారికీ అది తెలుసు కనుకనే నాలుగడుగులు నడిచి, వెనుక నుంచి పిలుపు వస్తుందేమోనని చూస్తారు. ‘నాకే అంతకు పడ్డది’ అన్నది మాత్రం జరిగిన విషయాన్ని చెప్పే మాట, అంతకు పడకపోతే అది బొంకే.

1968లో ఆల్బర్ట్ కార్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వ్యాపారాన్ని పోకర్ ఆటతో పోల్చి, బ్లఫ్ ఆటలో భాగమేనని వాదించాడు. నిజమే, మూడు ముక్కలాటలో చెత్త ముక్కలతో పందెం పెంచేవాణ్ణి ఎవరూ తప్పుబట్టరు. కాని ఎదుటివాడు ముక్కలు పడేసి లేచిపోగలడు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మా పెదనాయన మిర్చి బస్తాలో ఒక ఖరీదుదారు చెయ్యి పెట్టి కాయను విరిచాడు. అది పెళుక్కున విరిగి గింజలు రాలాయి, అయినా ‘పచ్చిగున్నది కాకా’ అంటూ జెండా పాట (ఆ రోజు వేలంలో పలికిన పై ధర) కంటే బాగా తగ్గించి అడిగాడు. డీసీఎం వ్యాను కిరాయి పెట్టుకొని వచ్చిన రైతు, మళ్లీ కిరాయి పెట్టి బస్తాలను ఇంటికి తీసుకుపోలేడని అతనికి తెలుసు.

ప్రశ్న: మరి ‘బ్లఫ్’కు ‘బుకాయింపు’ అనవచ్చునా?

జవాబు: బుకాయింపు దొరికిపోయిన తరువాత చేసేది, ‘నేననలేదే’ అనడం వంటిది. ‘గిట్టదు’ వంటి వాటిని నేనైతే ‘బేరపు మాట’ అంటాను. ఆ ఖరీదుదారు అన్నదానికి కొత్త పేరు వెతకనక్కరలేదు, పోతన వాడిన క్రియాపదమే చాలు.