పొట్టేలు పిల్లలకు కంది చున్నీ, తవుడు, పత్తి చెక్క: ఎంతెంత?

తాండూరు_జీవాలు: పాలు మాన్పించిన నెల్లూరు జాతి పొట్టేలు పిల్లలు, 12 కిలోలవి. పప్పు మిల్లు పక్కనే, కంది పొట్టు, చున్నీ (పప్పు ఆడించగా మిగిలే నూక, పొడి, పొట్టు కలిసింది) చవక. తవుడు, పత్తి చెక్క కూడా ఉన్నాయి. మక్కలు తగ్గించి వీటితో మేపొచ్చా? పొట్టు ఎంత పెట్టాలి?

పల్నాడు_మంద: పత్తి చెక్క జోలికి పోకండి. అందులోని గాసిపాల్ అనే విషం లేత పిల్లల గుండెను దెబ్బతీస్తుంది. బాగా తిరుగుతున్న పిల్ల ఉన్నట్టుండి పడిపోతుంది.

కర్నూలు_పొట్టేళ్లు: అంతకంటే తవుడుతో జాగ్రత్త. భాస్వరం 1.5 శాతం, కాల్షియం 0.1 దగ్గరే. మూత్రంలో రాళ్లు కడతాయి. పిల్ల తోక ఆడిస్తూ ముక్కుతుంటే మలబద్ధకమని ఆముదం తాగిస్తారు. మూత్రం వచ్చే చోట వెంట్రుకలు నలిపి చూడండి, ఇసుకలా గరగరలాడితే రాయే.

దాణా_లెక్క: తవుడులో భాస్వరం ఫైటేట్ అనే బిగిసిన రూపంలో ఉంటుంది, ఒంటికి పట్టదు. ఊరికే భయపెట్టకండి.

కర్నూలు_పొట్టేళ్లు: అది కోళ్ల లెక్క అన్నా! నెమరువేసే జీవాల పొట్టలో సూక్ష్మజీవులు ఫైటేట్‌ను విడగొడతాయి.

దాణా_లెక్క: గేదెలకు కిలోలకొద్దీ తవుడు పెడుతున్నారు, వాటికి రావేం?

కర్నూలు_పొట్టేళ్లు: ఆడవాటి మూత్రనాళం పొట్టి, వెడల్పు. పొట్టేలుకు సన్నగా వంకర తిరిగి ఉంటుంది, రాయి అక్కడే ఇరుక్కుంటుంది. చిన్నప్పుడే విత్తులు కొట్టిస్తే ఇంకా సన్నం. ఇది తెలియకుండా సలహాలివ్వకండి.

దాణా_లెక్క: దాణా కలపడమే నా పని, నాకు చెప్పక్కర్లేదు. 100 కిలోలకు రాసుకోండి: మక్క రవ్వ 30, కంది చున్నీ 30, పల్లి చెక్క 20, తవుడు 15, సున్నపురాయి పొడి 3, ఉప్పు 1, ఖనిజ మిశ్రమం 1. రాళ్లెలా వస్తాయి?

కర్నూలు_పొట్టేళ్లు: ఆ 3 కిలోల పొడి ఎందుకు వేశారు మరి? కాల్షియం భాస్వరానికి రెట్టింపు కావాలనే కదా! తవుడు పెంచితే పొడీ పెంచాలి, నీళ్ల తొట్టి ఎండకూడదు.

పాలమూరు_గొర్రెలు: ఆ ఖనిజ మిశ్రమం గొర్రెలదే కొనండి. ఆవులదానిలో రాగి ఎక్కువ. కాలేయంలో పేరుకుని, ఒక్కసారిగా కళ్లు పచ్చబడి, మూత్రం ఎర్రగా వస్తుంది.

ఒంగోలు_మేత: పల్లి చెక్క బూజు మాట ఎవరూ ఎత్తరేం? ఎండబెడితే బూజు ఎండుతుంది గానీ అది వదిలిన అఫ్లాటాక్సిన్ విషం పోదు. ముక్క విరిచి వాసన చూడండి, ముక్కిపోయిన వాసనొస్తే వాపసివ్వండి.

తాండూరు_జీవాలు: నేనడిగింది పొట్టు సంగతి!

పల్నాడు_మంద: పొట్టు ఎండుమేత లెక్కే తమ్ముడూ, దాణా కాదు. పిల్లలు తిన్నంత వేయి. దాణా మాత్రం 50 గ్రాములతో మొదలుపెట్టి, రెండు వారాల్లో 250 గ్రాములకు తీసుకెళ్లు, రెండు పూటలుగా. ఒక్కసారి పెంచితే కడుపు పులుస్తుంది, చిటుక రోగం (పేగుల్లో విషం పుట్టి ఉన్నట్టుండి చంపేది) కూడా అప్పుడే కొడుతుంది. ఆ టీకా దాణాకు ముందే వేయించు.