అప్‌డేట్: డీపీఎఫ్ లైటు ఆరింది, తప్పు ఫిల్టర్‌ది కాదు

మూడు వారాల కింద అడిగాను కదా, మా 2021 బీఎస్6 డీజిల్ కారులో డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) లైటు ఎంతకీ ఆరట్లేదు, పికప్ కూడా పడిపోయిందని. సాయం చేసిన అందరికీ చాలా థాంక్సండి.

ముందు ఎక్కువమంది చెప్పినట్టే హైవే ఎక్కి శ్రీకాకుళం నుంచి రణస్థలం దాటేదాకా 2000 ఆర్‌పీఎం పైనే ఉంచి ఆపకుండా తోలాను, ఎందుకంటే ఫిల్టర్‌లో మసి కాలాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి, ఊళ్ళో డే అండ్ నైట్ జంక్షన్, అరసవల్లి మధ్య తిరిగితే అది రాదు. లైటు ఆరింది కానీ రెండ్రోజులకే మళ్ళీ వచ్చేసింది.

అసలు దారి చూపింది మాత్రం "ఇంజన్ ఆపి, కీ ఆన్‌లో పెట్టి స్కానర్‌లో డిఫరెన్షియల్ ప్రెజర్ చూడండి" అన్నాయన. అంటే ఫిల్టర్‌కి ముందూ వెనకా ఉండే ప్రెజర్‌లో తేడా. ఇంజన్ ఆగితే పొగ రాదు కాబట్టి సున్నా ఉండాలి కదా, మాకు లేదు! మెకానిక్ ఆ ప్రెజర్ కొలిచే సెన్సార్‌కున్న రెండు గొట్టాలూ పీకేశాడు, అయినా అంకె కదల్లేదు. స్కానర్‌లో వచ్చిన కోడ్ పీ2453, అది ఆ సెన్సార్ రీడింగ్‌లో తేడా ఉందని చెప్పేది. అంటే సెన్సారే పోయి, ఫిల్టర్ నిండిపోయిందని ఇంజన్‌కి తప్పుడు మాట చెప్తోంది. కొత్త సెన్సార్ వేసి, స్కానర్‌తోనే ఒకసారి రీజెన్ (ఫిల్టర్‌లో మసి కాల్చేయడం) చేయించాడు.

బంకు డీజిల్ మీద అనుమానం అనవసరం. ఈజీఆర్ వాల్వ్‌కి (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపేది) మసి పట్టింది గానీ బాగానే కదులుతోంది. సైలెన్సర్ లోపల వేలు పెట్టి తుడిస్తే నల్లగా అంటలేదు, ఫిల్టర్ పగల్లేదన్నమాట. డీపీఎఫ్ పీకించేయమన్నారు కొందరు, అది మాత్రం చెయ్యొద్దండి, ఆ మసి మన వీధిలో పిల్లలే పీల్చాలి.

ఇప్పటికి 1100 కిలోమీటర్లు తిరిగాను, లైటు రాలేదు.