డాంకీ కాంగ్ పెట్టెలో జామ్మా బోర్డు: అడాప్టరా, వైర్లు కోసెయ్యడమా?

ఎడిసన్_ఆటగాడు: నా గరాజ్‌లో 1981 నాటి నింటెండో డాంకీ కాంగ్ కేబినెట్ (పార్లర్లలో కాయిన్ వేసి ఆడే వీడియోగేమ్ పెట్టె) ఉంది. మానిటర్ బాగానే ఉంది, గేమ్ బోర్డు మాత్రం చచ్చిపోయింది. పిల్లలు ఆడుకుంటారని అరవై ఆటలుండే చిన్న జామ్మా బోర్డు కొన్నా (జామ్మా అంటే ఆర్కేడ్ బోర్డుల్ని కేబినెట్‌కి కలిపే ఒకే రకం కనెక్టర్ పద్ధతి). అడాప్టర్‌తో నింటెండో వైరింగ్‌కి కలపాలా, పాత వైర్లు కోసేసి కొత్త జామ్మా హార్నెస్ (వైర్ల కట్ట) వెయ్యాలా?

బెజవాడ_మెకానిక్: కోసెయ్ తమ్ముడూ. అడాప్టర్ అంటే మధ్యలో ఇంకో రెండు జాయింట్లు. జాయింట్ వదులైన చోటల్లా వోల్టేజీ పడిపోతుంది. పవర్ సప్లై దగ్గర 5 వోల్టులు చూపిస్తుంది, బోర్డు దగ్గరికొచ్చేసరికి 4.7. ఆట మంచి రసపట్టులో ఉండగా రీసెట్ అవుతుంది.

పాతపెట్టె: దయచేసి కోయకండి. ఇక్కడ పిన్నులు కలిపితే సరిపోదు. నింటెండో ఆ మానిటర్‌కి రంగుల్ని తిరగేసి పంపేది. మామూలు జామ్మా బోర్డు నేరుగా తగిలిస్తే నల్లగా ఉండాల్సిన తెర తెల్లగా వెలుగుతుంది. సౌండ్ పెంచే ఆంప్లిఫయర్ కూడా ఆ మానిటర్ ఛాసిస్ (లోపలి సర్క్యూట్ బోర్డు) లోనే ఉంది. జామ్మా బోర్డు స్పీకర్‌కి సరిపడేలా ముందే పెంచి పంపుతుంది, దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ ఆంప్లిఫయర్‌లో పోస్తే గరగర తప్ప ఏమీ వినపడదు. డాంకీ కాంగ్ కోసం చేసిన మంచి అడాప్టర్లో ఈ రెండిటికీ సర్క్యూట్ ఉంటుంది. వైర్లు కోసినా ఆ సర్క్యూట్ ఎలాగూ కావాల్సిందే.

కిక్‌బటన్: నాదొక డౌట్. నా పండోరా బోర్డులో (అదీ చాలా ఆటలుండే జామ్మా బోర్డే) ఆరో బటన్ ఎప్పుడూ నొక్కినట్టే ఉంటోంది. ఎవరికైనా తెలుసా?

బెజవాడ_మెకానిక్: నేను వోల్టేజీ గురించి అడిగితే నువ్వు రంగుల గురించి చెప్తావేంటి? 4.7కి జవాబు చెప్పు.

పాతపెట్టె: సప్లై మీద వోల్టేజీ సర్దే పాట్ (చిన్న తిప్పుడు స్క్రూ) ఉంటుందిగా. కొద్దికొద్దిగా తిప్పి బోర్డు మీద 5 వచ్చేలా పెట్టుకోవాలి. మీటర్ పెట్టాల్సింది బోర్డు చిప్ కాళ్ళ దగ్గర. అయినా ఆ అరవై ఆటల బోర్డు తాగే కరెంటెంత? 4.7 గొడవంతా నిండా చిప్పులుండే పాత బోర్డులది.

బెజవాడ_మెకానిక్: పాట్ తిప్పుతావు సరే. రేపు ఎవడో కనెక్టర్ శుభ్రంగా తుడుస్తాడు, జాయింట్ గట్టిగా పట్టుకుంటుంది, బోర్డుకి 5.3 పోతుంది. అప్పుడు ఎవర్నడుగుతావు?

రాజమండ్రి_జాయ్‌స్టిక్: బోర్డు దగ్గరే కొలవమని ఇద్దరూ అంటున్నారు కదండీ. మరి గొడవెక్కడ?

బెజవాడ_మెకానిక్: గొడవెక్కడో చెప్తా. తొంభైల్లో నేను పనిచేసిన పార్లర్‌లో ఓ పాత కేబినెట్‌కి అడాప్టర్ పెట్టి ‘ముస్తఫా’ బోర్డు తగిలించాం. జామ్మా కనెక్టర్‌కి 56 పిన్నులు, వైపుకి 28. తిరగేసి గుచ్చకుండా ఏడో పిన్ను దగ్గర ఒక కీ (అడ్డుపెట్టే చిన్న ముక్క) ఉండాలి. ఆ అడాప్టర్‌కి లేదు. కుర్రాడు తల్లకిందులుగా గుచ్చాడు. రెండు చివర్లా గ్రౌండే కాబట్టి గ్రౌండ్ చక్కగా కలిసింది. ఆరో పిన్ను మీది 12 వోల్టులు ఇరవై మూడో పిన్నుకి, అంటే రెండో బటన్ ఇన్‌పుట్‌లోకి వెళ్ళాయి. ఇన్‌పుట్ చిప్ కాలిపోయింది. డబ్బులు నా జీతంలో కోశారు. అడాప్టర్ మంచిదని నాకెవరూ చెప్పక్కర్లేదు.

పాతపెట్టె: అది కీ లేని కనెక్టర్ తప్పు. కోసి వేసిన కొత్త హార్నెస్‌కి కీ లేకపోయినా అదే జరిగేది. మీ ఓనరు చవగ్గా వస్తోందని కొన్న సరుక్కి అడాప్టర్లన్నిటినీ తిడతారా?

బెజవాడ_మెకానిక్: చవక సరుకు మీద బతికినవాళ్ళం బాబూ. మీకు కేబినెట్ అంటే గరాజ్‌లో చూసి మురిసిపోయే బొమ్మ. మాకది పొద్దుట్నుంచి రాత్రిదాకా ఆడాలి.

ఎడిసన్_ఆటగాడు: అయ్యా, నేను ఆడుకోడానికే అడిగా...

పాతపెట్టె: బొమ్మ అంటే బొమ్మే అనుకోండి. నేను కొన్న నింటెండో పెట్టెలో ఎవడో ‘రిపేరు’ పేరుతో హార్నెస్‌ని మొదలంటా నరికి, అన్నీ ఒకే రంగు వైర్లు అతికించి, పైన ఇన్సులేషన్ టేపు చుట్టాడు. ఏ వైరు ఎటు పోతోందో ఒక్కొక్కటీ మీటర్‌తో వెతుక్కున్నాను. అడాప్టర్ నచ్చకపోతే పీకేయొచ్చు. కోసిన వైరు తిరిగి రాదు. ఒరిజినల్ అనేది ఒక్కసారే ఉంటుంది.

బెజవాడ_మెకానిక్: ఒరిజినలా! అమెరికాలో వాళ్ళ ముందటి ఆట రాడార్ స్కోప్ అమ్ముడుపోక మిగిలిపోతే, ఆ పెట్టెల్లో బోర్డులూ బొమ్మలూ మార్చి డాంకీ కాంగ్ చేసి అమ్మింది నింటెండోవాళ్ళే. నువ్వు దణ్ణం పెట్టే ఆట పుట్టిందే వేరే ఆట పెట్టెలో. వాళ్ళు మారిస్తే చరిత్ర, మేం మారిస్తే పాపమా?

పాతపెట్టె: అప్పుడవి గోడౌన్‌లో మూలుగుతున్న సరుకు. ఇప్పుడు మిగిలినవే తక్కువ.

బెజవాడ_మెకానిక్: మిగిలాయంటే ఎవడో ఒకడు వైరు మార్చి, కొత్త ఆట వేసి, నాలుగు డబ్బులు రాబట్టాడు కాబట్టి. ఆట మార్చని పెట్టె ఎప్పుడో పాత సామాన్లవాడికి పోయింది. దాచుకోవడం మీ పని. బతికించింది మాలాంటి మెకానిక్‌లు. ఆ మాట ఒక్కడూ ఒప్పుకోడు.

రాజమండ్రి_జాయ్‌స్టిక్: ఇదన్నమాట అసలు గొడవ. వోల్టేజీ కాదు.

పాతపెట్టె: బతికించారని ఒప్పుకుంటా. ఈ పెట్టె కొయ్యాలని మాత్రం ఒప్పుకోను.

ఎడిసన్_ఆటగాడు: అడాప్టరే ఆర్డర్ పెట్టేశాను, రంగులు తిరగేసే ఇన్వర్టర్ సర్క్యూట్ ఉన్నది.

బెజవాడ_మెకానిక్: నీ ఇష్టం. కీ ఉందో లేదో చూసి గుచ్చు. మానిటర్‌కి వెళ్ళే 100 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ లైన్ జోలికి మాత్రం పోకు, అమెరికాలో ఉన్నా ఆ నింటెండో మానిటర్‌కి 100 వోల్టులే కావాలి.

కిక్‌బటన్: నా ఆరో బటన్...?

బెజవాడ_మెకానిక్: మామూలు జామ్మాలో ఇరవై ఏడో పిన్నూ, దాని వెనకదీ గ్రౌండ్. నీ బోర్డు వాటినే ఇద్దరు ఆటగాళ్ళ ఆరో బటన్లుగా చదువుతోంది, గ్రౌండ్ తగిలితే నొక్కినట్టే లెక్క. హార్నెస్‌లో ఆ రెండు గ్రౌండ్ వైర్లు పీకి బటన్లకి ఇచ్చుకో. ఇక్కడ కొయ్యాలి, అడాప్టర్ గిడాప్టర్ అక్కర్లేదు.

పాతపెట్టె: దానికీ అడాప్టర్ దొరుకుతుంది.